అప్పు ఎగువకి, ఆస్తి దిగువకి

పల్నాట మా వైపు పెద్దకర్మ భోజనాలకి వచ్చేవారిలో రెండు తెగలున్నారు. తిని, ఒక మంచిమాట చెప్పి వెళ్ళిపోయేవారు ఒక తెగ. తిన్నాక వేపచెట్టు కింద చేతులు తుడుచుకుంటూ, ఇంటిపెద్ద ఒంటరిగా దొరికే క్షణం కోసం కాచుకునేవారు రెండో తెగ. వీరి జేబులో రెండు కాగితాలుంటాయి. చనిపోయినవాడు వ్రాసిచ్చిన ప్రోనోటు ఒకటి. రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం చోటు మాత్రం ఖాళీగా ఉంచిన కొత్త ప్రోనోటు మరొకటి.

మా పెదనాన్న వరసాయనకి చేతికందిన కొడుకు 2006లో పోయాడు. గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు దింపి తిరిగివస్తూంటే లారీ గుద్దింది. కొడుక్కి తన చేత్తో కొరివి పెట్టిన పదకొండో నాడు ఆయన మూడు కొత్త నోట్ల మీద సంతకం చేశాడు. మొత్తం లక్షా ఎనభై వేలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. "మామా, మీవాడు మాట తప్పేవాడు కాదు. పోయినవాడి పేరున మచ్చ దేనికి? నువ్వొక సంతకం పెడితే నాకు ధైర్యంగా ఉంటది, వాడి ఆత్మా శాంతిస్తది" అన్నాడు అప్పిచ్చినాయన. నేనక్కడే విస్తళ్ళు ఎత్తుతున్నాను. అడ్డుపడలేదు. అడ్డుపడవచ్చునని తెలియదు కూడా. ఆ తెలియకపోవడం మీది కోపమే ఇన్నేళ్ళకి ఈ వ్యాసం వ్రాయిస్తోంది.

ఒక ప్రశ్న వేసుకుందాం. కొడుకు అప్పు తండ్రిదే అయితే కొత్త నోటు ఎందుకు? కొడుకు వ్రాసిన పాత నోటు చేతిలో ఉంది కదా, దానితోనే కోర్టుకి వెళ్ళవచ్చు కదా? వెళ్ళడు. ఎందుకంటే ఆ పాత నోటు తండ్రిని తాకదని అప్పిచ్చినవాడికి నిక్షేపంగా తెలుసు. తెలియనిది తండ్రికే. ఈ తతంగమంతా ఆ తేడా మీద నడుస్తోంది.

చట్టం ఇక్కడ చాలా స్పష్టంగా ఉంది. మనిషి పోతే అతని అప్పు అతని ఆస్తిని వెంటాడుతుంది, అతని మనుషుల్ని కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 50, 52 సెక్షన్ల ప్రకారం, మృతుడి ఆస్తిలోంచి వారసుడి చేతికి ఎంత వచ్చిందో అంతవరకే ఆ వారసుడు బాధ్యుడు. ఏమీ రాకపోతే బాధ్యతా లేదు. వారసుడే కాని మనిషికి ఆ కాస్త బాధ్యత కూడా లేదు. హిందువు మగవాడు వీలునామా లేకుండా చనిపోతే, అతనికి భార్యో, పిల్లలో, తల్లో ఉన్నంతకాలం తండ్రి వారసుడు కానే కాడు. అంటే మా పెదనాన్న ఆ రోజున చట్టం దృష్టిలో ఒక బాటసారితో సమానం. దారిన పోయేవాణ్ణి పిలిచి నోటు మీద సంతకం పెట్టించుకున్నట్టే జరిగింది.

కానీ సంతకం పెట్టిన మరుక్షణం కథ తిరగబడింది. ప్రోనోటు భాష మీకు తెలిసిందే. నా కుటుంబ ఖర్చుల నిమిత్తం ఈ దినము మీ వద్ద రొక్కముగా పుచ్చుకున్నాను అని ఉంటుంది. ఆయన ఆ దినమున పుచ్చుకున్నది ఏమీ లేదు, కొడుకు అస్థికలు తప్ప. అయినా ఆ కాగితం ఇక కొడుకు అప్పు కాదు, ఆయన సొంత అప్పు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షను ప్రకారం, నోటు ఉంటే ప్రతిఫలం ముట్టిందనే కోర్టు భావిస్తుంది. ముట్టలేదని నిరూపించుకోవలసిన భారం సంతకం పెట్టినవాడిది. సాక్షి సంతకాలు చేసినవారెవరు? అదే చెట్టు కింద నిలబడ్డ ఊరి పెద్దమనుషులు. నోటుకి కాలదోషం మూడేళ్ళు కనుక, మూడో ఏడు నిండకముందే ఐదువందలో వెయ్యో కట్టించుకుని నోటు వెనుక చెల్లు వేయిస్తారు. దానితో మరో మూడేళ్ళు. ఇలా ఒక సంతకం మనిషి ఆయుర్దాయమంతా సాగుతుంది.

నిజానికి 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఈ వేపచెట్టు సన్నివేశాన్ని ముందే ఊహించింది. వయసు చేతనో, జబ్బు చేతనో, మానసిక క్షోభ చేతనో వివేచన దెబ్బతిన్న మనిషితో ఒప్పందం చేసుకునేవాడు అతని మీద పైచేయి గలవాడేనని 16వ సెక్షను అంటుంది. ఆ పైచేయిని వాడుకుని అన్యాయమైన లాభం పొందితే ఆ ఒప్పందాన్ని రద్దు చేయించుకోవచ్చు. కొడుకు పెద్దకర్మ నాటి తండ్రికంటే క్షోభలో ఉన్న మనిషిని ఎక్కడ చూపిస్తారు? నూటయాభై యేళ్ళుగా ఉన్న ఈ సెక్షను సంగతి మా ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. ప్రోనోటు వ్రాయడం మాత్రం పదో తరగతి తప్పినవాడికి కూడా వచ్చు.

"అయ్యా, ఇవన్నీ ఇంగ్లీషువాడి చట్టాలు. మన ధర్మంలో తండ్రీకొడుకుల మధ్య అప్పులకి తేడా ఏముంది?" అనేవారున్నారు. ధర్మం పేరెత్తేవారు ధర్మశాస్త్రం తెరిచి చూస్తే బాగుండును. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయంలో ఋణాదానమనే ప్రకరణం ఉంది. భర్త చేసిన అప్పుకీ కొడుకు చేసిన అప్పుకీ స్త్రీ బాధ్యురాలు కాదనీ, కొడుకు అప్పు తండ్రి తీర్చనక్కరలేదనీ, భార్య అప్పు భర్త తీర్చనక్కరలేదనీ అందులో చెప్పారు. ఒక్కటే మినహాయింపు, కుటుంబం కోసం చేసిన అప్పు. (దాని వెంటనే ఒక తమాషా ఉంది. గొల్లవారు, కల్లు అమ్మేవారు, నటులు, చాకళ్ళు, వేటగాళ్ళు మాత్రం భార్య చేసిన అప్పు తీర్చాలట. వారి బతుకు ఆడవారి కష్టం మీద నడుస్తుంది కాబట్టి. స్త్రీ సంపాదనని ఇంత నిర్మొహమాటంగా ఒప్పుకున్న చోట్లు మన శాస్త్రాల్లో అరుదు.) ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరని పదమూడో శతాబ్దంలోనే కేతన తెలుగు పద్యాల్లోకి దించాడు. తెలుగులో న్యాయశాస్త్రం లేక కాదు, దాని అవసరం అప్పులవాడికి లేక మనకి చేరలేదు.

శాస్త్రం అప్పుని కిందికే పంపింది. తండ్రి అప్పు కొడుకు తీర్చాలి. అందులోనూ తాగుడుకీ, జూదానికీ, వెలయాళ్ళకీ చేసిన అప్పులు తీర్చనక్కరలేదని మినహాయించింది. దానినే ఇంగ్లీషు కోర్టులు పుత్రుడి పవిత్ర బాధ్యత అని పేరు పెట్టి వందేళ్ళకి పైగా అమలు చేశాయి. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు దానికీ నీళ్ళు వదిలారు. ఆ సంవత్సరం సెప్టెంబరు 9 తరువాత చేసిన అప్పులకి, కొడుకు అన్న ఒక్క కారణం చేత కొడుకుని గాని మనుమణ్ణి గాని కోర్టుకి ఈడ్వడానికి వీల్లేదు. శాస్త్రం ఒప్పుకున్న బాధ్యతే రద్దయిపోయింది. శాస్త్రం ఒప్పుకోని బాధ్యత, చట్టంలో లేని బాధ్యత, కొడుకు అప్పుకి తండ్రి పూచీపడడం, మాత్రం మా ఊళ్ళో దివ్యంగా వర్ధిల్లుతోంది.

ఇక నాణేనికి రెండోవైపు. అప్పు దగ్గర తండ్రిని వెతికి పట్టుకున్న లోకం ఆస్తి దగ్గర ఏం చేసింది?

1956 నాటి హిందూ వారసత్వ చట్టం మొదటి తరగతి వారసుల జాబితాలో తల్లి ఉంది. భార్యతోనూ పిల్లలతోనూ సమానంగా ఒక వాటా ఆమెది. మంచిదే. తండ్రి రెండో తరగతిలో ఉన్నాడు. మొదటి తరగతిలో ఒక్కరున్నా రెండో తరగతికి పైసా రాదు. పెళ్ళికాని కొడుకు పోయినా అంతా తల్లికే, ఆమె లేకపోతేనే తండ్రికి. ముస్లిం వారసత్వ నియమాల్లో మృతుడికి పిల్లలున్నా తండ్రికి ఆరో వంతు, తల్లికి ఆరో వంతు ఖాయం. అదీ అప్పులు తీరిన తరువాతే. క్రైస్తవులకి వర్తించే 1925 నాటి వారసత్వ చట్టం మరో దారిన పోయింది. పిల్లలుంటే తల్లిదండ్రులిద్దరికీ సున్న. పిల్లలు లేకపోతే తండ్రి ముందు, తల్లి వెనుక. ఒకే వీధిలో మూడిళ్ళలో ముగ్గురు కొడుకులు పోతే ముగ్గురు తండ్రులకీ మూడు రకాల న్యాయం.

ప్రమాదాల నష్టపరిహారం దగ్గరా ఇదే చూపు. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు పరిహారం లెక్కలకి ఒక పద్ధతి ఏర్పరచింది. అది చాలా మేలే చేసింది, కాదనను. కానీ పెళ్ళికాని కొడుకు పోయిన సందర్భం గురించి చెబుతూ, వేరే సాక్ష్యం చూపితే తప్ప తండ్రికి సొంత ఆదాయం ఉంటుందనీ, అతన్ని ఆధారపడినవాడిగా లెక్కించనక్కరలేదనీ అన్నది. మోకాళ్ళరిగి, మడకపట్టడం మానిన ముసలి రైతుకి సొంత ఆదాయం ఎక్కడిది? తండ్రి అంటే ఎప్పుడూ సంపాదించేవాడే అని న్యాయస్థానం నమ్మింది. తండ్రి అంటే ఎప్పుడూ కట్టేవాడే అని అప్పులవాడు నమ్మాడు. ఇద్దరి నమ్మకమూ ఒకటే.

కూతుళ్ళ సంగతి ఇంకా ఘోరం. పెళ్ళైన కూతురు పిల్లలు లేకుండా, వీలునామా లేకుండా పోతే, ఆమె స్వార్జితం భర్తకి పోతుంది. భర్త అప్పటికే లేకపోతే భర్త తాలూకు వారసులకి పోతుంది. ఆ తరువాతే ఆమెని కన్నవారు. 2009లోనే ఓంప్రకాశ్ వర్సెస్ రాధాచరణ్ అనే కేసు తేలింది. పెళ్ళైన మూడు నెలలకే భర్త పోయాడు. అత్తింటివారు వెళ్ళగొట్టారు. పుట్టింటివారు చదివించారు, ఆమె ఉద్యోగం చేసి సొమ్ము కూడబెట్టుకుంది. ఆమె పోయాక ఆ సొమ్ము ఎవరిది? భర్త సోదరి కొడుకులదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కష్టం తెలుసుననీ, సానుభూతి చట్టం కాజాలదనీ న్యాయమూర్తులే విచారించారు. ఈ 15వ సెక్షన్ని దిద్దమని లా కమిషను 2008లోనే తన 207వ నివేదికలో చెప్పింది. వినేవారు లేరు.

తల్లిదండ్రుల పోషణకి 2007లో ప్రత్యేక చట్టం వచ్చింది కదా అంటారు. వచ్చింది, బతికున్న పిల్లల మీద. కొడుకు, కూతురు, యుక్తవయసు వచ్చిన మనుమలు, వీరి మీద అర్జీ పెట్టుకోవచ్చు. ఉన్న ఒక్క కొడుకూ పోయి, మనుమలు ఒకటో తరగతిలో ఉన్నవాడు ఎవరి మీద పెట్టుకోవాలి? అసలు దారి 1956లోనే ఉంది, హిందూ దత్తత, పోషణ చట్టంలో. మృతుడి ఆస్తి పొందిన వారసులు ఆ ఆస్తిలోంచి అతని ఆశ్రితులని పోషించాలని 22వ సెక్షను చెబుతుంది. ఆశ్రితుల జాబితాలో తండ్రి మొట్టమొదటే ఉన్నాడు. అయితే 26వ సెక్షనులో ఒక మాట చేర్చారు, మృతుడి అప్పులు తీరాకనే పోషణ. ముందు అప్పులవాడు, తరువాత కన్నవాడు. కనీసం ఆ వరుసలో నిలబడే హక్కయినా ఉందని చెప్పే ప్లీడరుని నేనింతవరకు చూడలేదు.

ఈ వ్యాసం చదివి ఎవరైనా కోడళ్ళ మీద కత్తులు నూరితే నా వ్రాత వృథా. మా పెదనాన్న కోడలికి అప్పటికి ఇరవయ్యారేళ్ళు, ఇద్దరు పిల్లలు. ఆమెకి వచ్చిన వాటా ఆమెకి చాలలేదు. మామా కోడళ్ళ మధ్య తగవు పెట్టి లాభపడేది నోటు పట్టుకున్నవాడే. కోడలి దగ్గర "మీ మామ సంతకం చేశాడు" అనీ, మామ దగ్గర "పరిహారమంతా ఆ పిల్లకి పోతోంది, నువ్వే జాగ్రత్తపడాలి" అనీ ఒకే నోటితో చెప్పడం నేను విన్నాను. నేను అడుగుతున్నది ఆమె వాటా తగ్గించమని కాదు. ఆస్తి దగ్గర లెక్కలోకి రాని మనిషిని అప్పు దగ్గర లెక్కలోకి తీసుకోవద్దని.

ప్రభుత్వం సంగతీ చూద్దాం. రైతు ఆత్మహత్యల కుటుంబాలకి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 జూన్‌లో 421వ నంబరు జీవో ఇచ్చింది. లక్షన్నరలో లక్ష కుటుంబానికి, యాభైవేలు అప్పులవాళ్ళతో ఒకేసారి తేల్చుకోవడానికి. తరువాత రెండు రాష్ట్రాలూ మొత్తాలు పెంచాయి. సాయం మంచిదే. కానీ అప్పుల వల్లనే పోయాడని కమిటీ ముందు రుజువు చేసుకోవాలి. రుజువేమిటి? నోట్లు. అవి ఎవరి దగ్గరుంటాయి? అప్పిచ్చినవాడి దగ్గర. దుఃఖంలో ఉన్న ఇల్లే వెళ్ళి, బాబూ మావాడు నీకు బాకీ ఉన్నాడని ఒక కాగితమియ్యి అని బతిమాలుకోవాలి. ఇచ్చేవాడు ఊరికే ఇస్తాడా? పైగా పట్టాదారు పాసుపుస్తకం తండ్రి పేరున ఉంటే కొడుకు రైతే కాదని అర్జీలు తోసిపుచ్చిన సందర్భాలు కోకొల్లలు. భూమి తండ్రిది కనుక సాయం లేదని ఆఫీసువారు. భూమి తండ్రిది కనుక సంతకం పెట్టమని అప్పులవారు. భూమి తండ్రి స్వార్జితమైతే కొడుకు అప్పుకి అందులో సెంటు కూడా లోబడదు. పిత్రార్జితమైతే కొడుకు వాటా మేరకే. ఈ తేడాని పాసుపుస్తకం చూపించదు.

నైతికత మాటేమిటని అడుగుతారు, అడగాలి కూడా. కొడుకు తెచ్చిన డబ్బుతో తండ్రి పొలంలో బోరు పడి ఉంటే ఆ అప్పు తీర్చవలసిందే. యాజ్ఞవల్క్యుడి మినహాయింపు అదే, నా మనసూ అదే చెబుతుంది. అప్పిచ్చినవారంతా రాక్షసులు కారు. పింఛను డబ్బు రెండు రూపాయల వడ్డీకి తిప్పుకునే విధవరాలు కూడా అందులో ఉంటుంది. ఆమె మృతుడి బర్రెల్లోంచీ, బండిలోంచీ, బ్యాంకు ఖాతాలోంచీ రాబట్టుకోవచ్చు, అది ఆమె హక్కు. కానీ నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. ఐదు అంటే 60. బ్యాంకు కంటే అంత ఎక్కువ ఎందుకు తీసుకుంటున్నారంటే, డబ్బు మునిగే ప్రమాదముంది కనుక అని అప్పిచ్చేవారే చెబుతారు. ప్రమాదానికి ఖరీదు నెలనెలా వసూలు చేసుకుని, ఆ ప్రమాదం నిజంగా వచ్చిన నాడు నాకు సంబంధం లేదనడం ఏ నీతి?

చట్టప్రకారమే అప్పు ఎగువకి పోయే చోటు కూడా ఒకటుంది, అది మనలో చాలామందికి దగ్గరిది. పిల్లవాణ్ణి అమెరికాకో ఆస్ట్రేలియాకో పంపడానికి తీసే చదువు అప్పులో తల్లో తండ్రో సహ ఋణగ్రహీతగా సంతకం చేస్తారు, తరచు ఇల్లు తాకట్టు పెడతారు. అక్కడ పిల్లవాడికి ఏమైనా జరిగితే బ్యాంకువారు ఆ ఇంటికి రావడంలో చట్టవిరుద్ధం ఏమీ లేదు. జామీనుదారుడి బాధ్యత అసలు ఋణగ్రహీత బాధ్యతంతా ఉంటుందని కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను. శవాన్ని స్వదేశానికి తెప్పించడానికి చందాలు పోగుచేసే మనం, ఆ అప్పు మొత్తానికి సరిపడా ఒక టర్మ్ బీమా తీసుకోమని విమానం ఎక్కేముందు చెప్పమెందుకు? అశుభమనా?

కాబట్టి ఊళ్ళో ఎవరింట్లోనైనా ఇలాంటిది జరిగితే, మీరు చదువుకున్నవారు కనుక వెళ్ళి పక్కన నిలబడండి. పెద్దకర్మ ముగిసేదాకా ఏ కాగితం మీదా సంతకం గాని వేలిముద్ర గాని వద్దని చెప్పండి. పాత నోటు చూపించమనండి. తేదీ చూడండి, వెనుక చెల్లులు చూడండి. తీర్చదలచుకుంటే మృతుడి ఆస్తి లెక్కలోంచే తీర్చి, నోటు వెనక్కి తీసుకోమనండి. ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఉచితంగా ప్లీడరుని ఇస్తారు. కనుక తల్లి పేరున దరఖాస్తు పెడితే పని జరుగుతుంది. మా పెదనాన్న మూడు నోట్లలో రెండు తీర్చాడు, అరవై సెంట్లు అమ్మి. మూడోదానికి చెల్లులు వేస్తూ వేస్తూ 2014లో పోయాడు.

ఇది చదువుతున్నవారిలో చాలామందికి సొంత సంపాదన ఉంది, ఊళ్ళో అమ్మానాన్నలున్నారు. వీలునామా వ్రాసినవారెందరు? స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీద వ్రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, వారి చేత కూడా చేయిస్తే చాలు. నాన్నకి ఇంత అని ఒక్క వాక్యం వ్రాస్తే రెండో తరగతి, మొదటి తరగతి లెక్కలన్నీ పక్కకి పోతాయి. కూతుళ్ళు మరీ ముఖ్యంగా వ్రాయాలి.

నేను నిరుడు వ్రాశాను. ఫోనులో చెబితే అమ్మ ఏడ్చింది, ఆ మాటలేమిట్రా అని కోప్పడింది. నాన్న ఫోను తీసుకుని, "నీకేమైనా అప్పులున్నాయా?" అని అడిగారు. ఉన్నాయి, ఇంటి అప్పు అన్నాను. దానికి బీమా ఉందని కూడా చెప్పాను. "ఆ కాగితాలు ఎక్కడ పెట్టావు?" అన్నారు.